బొగ్గత్తకు తెలియనిది

ఊళ్ళోవాళ్ళు వాళ్ళను పైవాళ్ళు అంటారు. ఎప్పుడో తాతల నాడు అడవిలోంచి, కొండ మీది నుంచి దిగివచ్చినవాళ్ళు కాబట్టి ఆ పేరు. తీరా చూస్తే వాళ్ళ పేట ఊరంతటికీ పల్లంలో, పెంకుల ఫ్యాక్టరీ వెనక ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఊళ్ళో నీళ్ళన్నీ వాళ్ళ ఇళ్ళకే చుట్టపుచూపుగా వస్తాయి. వాళ్ళు మాత్రం తమను తాము మనవాళ్ళు అనే చెప్పుకుంటారు. ఇంట్లో తమ పాత భాష, వీధిలో అందరి భాష మాట్లాడతారు. కోపం వస్తే రెండూ కలిపి తిడతారు.

ఆ పేటలో ముప్పై ఏళ్ళుగా పుట్టిన బిడ్డల్లో చాలామందిని మొదట అందుకున్న చేతులు బొగ్గత్తవి. ఆమె మంత్రసాని. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పని. నెలలు నిండుతున్న మనిషిని చాప మీద పడుకోబెట్టి, రెండు చేతులతో పొట్టంతా తడిమి, లోపల బిడ్డ ఎలా పడుకుందో తెలుసుకుంటుంది. అంతవరకూ ఏ మంత్రసాని అయినా చేస్తుంది. బొగ్గత్త ఆ తర్వాత బొగ్గుముక్క తీసుకుని, చేతికి తెలిసినదాన్ని తెలిసినట్టు ఆ పొట్ట మీదే గీస్తుంది. "ఇదిగో తల. ఇది వెన్ను. నీకు ఇక్కడ పోటు వస్తోందన్నావే, అది దీని మడమ." వెన్ను చేపలా వంగుతుంది, మోకాళ్ళు చిగురాకుల్లా ముడుచుకుంటాయి. తల్లి చేతికి అద్దం ఇస్తే, అప్పటిదాకా మోస్తున్న బరువు కాస్తా బిడ్డయి కనబడుతుంది. మర్నాటి స్నానంతో బొమ్మ కాలవలో కలుస్తుంది. దానికి బొగ్గత్త ఏమీ అనుకోదు. వారం తిరిగేసరికి బిడ్డ కదులుతుంది, కొత్త బొమ్మ ఎలాగూ కావాలి.

ఆమె ఇంటి ముందు గోడ కూడా బొగ్గుతోనే నడుస్తుంది. కాన్పు దగ్గరపడిన ఇంటికి ఎవరు నీళ్ళు పట్టాలి, ఎవరు ఊడవాలి, పెద్దపిల్లల్ని ఎవరు చూసుకోవాలి అన్నది ఆ గోడ మీద ఉంటుంది. చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా బిందె, చీపురు, జడ వేసుకున్న పాప. పక్కన వంతు ఎవరిదో వాళ్ళ గుర్తు. వంతు ఎగ్గొట్టినవాడి గుర్తుకు మర్నాడు గాడిద చెవులు మొలుస్తాయి. ఆ చెవులకు జడిసి తాగుబోతులు కూడా వేళకు నీళ్ళు పడతారు.

ఊళ్ళో ఆస్పత్రివాళ్ళు ఒకసారి ఆ పొట్ట బొమ్మల్లో నాలుగింటికి ఫోటోలు తీయించి, అద్దాలు కట్టించి వరండాలో తగిలించారు. కింద 'ఆదివాసీ కళ' అని రాశారు. ఎవరో చదివి వినిపిస్తే బొగ్గత్త తెల్లమొహం వేసింది. "కళేంటి? బిడ్డ ఉన్న చోటు కదా అది" అంది.

అంత చేయి తిరిగిన మనిషికి ఒక పొద్దున చెయ్యి ఆగిపోయింది. అదీ సొంత మేనకోడలి పొట్ట మీద.

మేనకోడలంటే తమ్ముడి కూతురు. తల్లి లేని పిల్ల కావడంతో బొగ్గత్తే పెంచి పెద్దచేసింది. యూనిఫాంలు కుట్టే షెడ్డులో మిషను మీద కాలర్లు వేస్తుంది. మొగుడు వెల్డరు. ఎనిమిదో నెల నడుస్తోంది. సెలవు రోజు చూసుకుని వచ్చి, చాప మీద పడుకుని, "త్వరగా చూడత్తా, నడుము లాగేస్తోంది" అంది.

బొగ్గత్త అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని పొట్ట మీద పెట్టింది. తల పైన, ఎడమ డొక్క కింద తగిలింది. రెండు వేళ్ళతో తడితే నీళ్ళలో కాయలా ఊగి మళ్ళీ వచ్చి తగిలింది. సరే, ఎదురుకాళ్ళు. ఇంకా రోజులున్నాయి, తిరగవచ్చు. వెన్ను ఎడమవైపు, మోకాళ్ళు నడిమికి. అన్నీ లెక్కకు వచ్చాయి. చేతులు కిందికి దిగి కుడి తుంటి ఎముక పైన ఆగాయి. అక్కడ ఇంకో తల ఉంది.

తలలాగే గట్టిగా, తలలాగే గుండ్రంగా, కాస్త చిన్నగా ఉంది. కవలలేమో అనుకుని దాని వెన్ను కోసం వెతికింది. దొరకలేదు. మోకాళ్ళు లేవు. వేళ్ళతో తట్టి చూసింది. ఊగలేదు. తొందర్లేదని తనకు తానే చెప్పుకుని మళ్ళీ మొదటి నుంచి తడిమింది. అదే తల పైన, అదే గుండ్రం కింద.

బొగ్గుముక్క తీసుకుని బిడ్డను గీసింది. ఆ తర్వాత కుడివైపు ఒక గుండ్రం చుట్టింది. అందులో ఏం గీయాలో చేతికి తోచలేదు. కన్ను పెడదామంటే ముఖం తగల్లేదు. అలాగే ఖాళీగా వదిలేసింది.

మేనకోడలు అద్దం పట్టుకుని చూసుకుంది. "ఇదేంటత్తా? దీనికి మొహం లేదేంటి?"

"ఏమో."

బొగ్గత్త నోటివెంట ఆ మాట రావడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "ఏమో ఏంటత్తా? నువ్వే ఏమో అంటే నేనెవర్ని అడగాలి?"

"చూద్దాంలే. నాలుగు రోజులాగి మళ్ళీ చూస్తాను."

"పోనీ, రెండోదా?"

"అనిపించట్లేదు. అలాగని కాదని చెప్పలేను."

మేనకోడలు పెరట్లోకి వెళ్ళి, ఆ గుండ్రం మటుకు తడిగుడ్డతో తుడిచి తుడిచి చర్మం ఎర్రగా కందిపోయేదాకా రుద్దుకుంది. బిడ్డ బొమ్మను మాత్రం ముట్టుకోలేదు.

గంట తిరిగేలోపు పేటంతా కవలలని పాకిపోయింది. మధ్యాహ్నానికి వాళ్ళలో ఒకరు ఆడ, ఒకరు మగ అయ్యారు. సాయంత్రానికి పేర్ల దగ్గర తగువు కూడా మొదలైంది. ఆలు లేదు, చూలు లేదు అంటుంది సామెత. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, తేలనిదల్లా లెక్కే. వెల్డరు ఎవరినీ అడగకుండా ఇంకో ఊయలకు ఇనుప చట్రం కోసేశాడు.

చీకటి పడకముందే వెల్డరు తల్లి వచ్చింది. మూడు వీధులకు ఇస్త్రీ చేసే మనిషి కావడంతో పేటలో అందరికీ ఇస్త్రీ వదిన. మాట కూడా ఇస్త్రీ పెట్టెలాగే ఆనిన చోట కాలుతుంది.

"ఏం వదినా, నీ బొగ్గు నా కోడలి కడుపులో ఇద్దర్ని పుట్టించిందటగా? ఐదో నెల స్కానింగులో ఒక్కరే అన్నారు. మసి పూసి మారేడుకాయ చెయ్యడం విన్నాగానీ, మసి పూసి కవలల్ని చెయ్యడం ఇప్పుడే చూస్తున్నా."

"నేను ఇద్దరనలేదు వదినా."

"మరి ఒక్కరన్నావా?"

"అదీ అనలేదు."

"మరేమన్నావు తల్లీ?"

"ఏమో అన్నాను."

ఇస్త్రీ వదిన ముక్కున వేలేసుకుంది. "బస్సు నడిపేవాడు నడిరోడ్డు మీద ఆపి, ఏమో ఎటెళ్ళాలో అంటే లోపల కూర్చున్నవాళ్ళ గతేంటి? పిల్ల అక్కడ అన్నం ముట్టట్లేదు. దానికి మొహం లేని బిడ్డ పుడుతుందని భయం పట్టుకుంది."

బొగ్గత్త లేచి నిలబడింది. "రేపు స్కానింగుకు పోదాం. నేనూ వస్తాను" అంది.

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. స్కానింగు గది ముందు పాతికమంది పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. పిలుపు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. స్కానింగు డాక్టరు చల్లటి జిగురు రాసి, పెట్టె ముందు తల వంచి, అటూ ఇటూ జరిపాడు. "ఒకటే బేబీ. ఎదురుకాళ్ళు. గుండె బాగా కొట్టుకుంటోంది."

ఇస్త్రీ వదిన విన్నావా అన్నట్టు చూసింది. బొగ్గత్త పెట్టె దగ్గరికి జరిగింది. "కింద, కుడిపక్క గుండ్రంగా ఉంది బాబూ. అదేంటో కాస్త..."

"మూత్రం నిండి ఉందమ్మా, అదే అయ్యుంటుంది. వెళ్ళి రమ్మనండి, మళ్ళీ చూస్తాను."

మరుగుదొడ్డి దగ్గర ఇంకో వరస. తిరిగి వచ్చేసరికి బల్ల మీద వేరే మనిషి పడుకుని ఉంది. తలుపు దగ్గర కాగితాలు ఇచ్చేవాడు వీళ్ళ కాగితం చేతిలో పెట్టాడు. "వచ్చేసిందిగా రిపోర్టు, ఇంకేం చూస్తారు?" అన్నాడు. కాగితంలో ఒకటే అని ఉంది. గుండ్రం ఊసు లేదు.

దారి పొడుగునా ఇస్త్రీ వదిన నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టినా బాగుండేది అనుకుంది బొగ్గత్త. మూత్రం నిండిన సంచీ మెత్తగా ఉంటుంది, ఇది రాయిలా ఉంది. అయినా చదువుకున్నవాడు, పెట్టెలో చూసి చెప్పాడు. తన చేతులకు వయసు మీద పడిందా? ఇంటికి రాగానే కళ్ళు మూసుకుని డబ్బాల్లో గింజలన్నీ వేళ్ళతో తడిమి వేటికవి చెప్పుకుంది. ఒక్కటీ తప్పలేదు. పక్కవీధిలో చేపలమ్మే ఆవిడకు ఏడో నెల. పిలవకుండానే వెళ్ళి ఆమె పొట్ట చూసింది. తల, వెన్ను, మడమ, అన్నీ పలక మీద రాసినట్టు తెలిశాయి. అంటే చేతులు బాగానే ఉన్నాయి. మేనకోడలి దగ్గరే ఏదో అవుతోంది. అయినవాళ్ళ పొట్ట మీద చేతికి కళ్ళుండవని నాయనమ్మ అనేది. ప్రేమ ఎక్కువై లేనిది తగులుతోందా? లేక భయం ఎక్కువై ఉన్నది తెలియడం లేదా?

రెండు రోజులాగి మేనకోడలి ఇంటికి వెళ్ళింది. ముందు పెరట్లోకి పంపి, వచ్చాక పడుకోబెట్టింది. గుండ్రం ఉంది. కానీ ఈసారి తుంటి దగ్గర కాదు, రెండు వేళ్ళ మేర నడిమికి జరిగి ఉంది. బొగ్గత్తకు ఉన్న మతి కూడా పోయింది. జరిగిందంటే బిడ్డ కావాలి. ఊగలేదంటే తల కాదు. తల లేకుండా జరిగే బిడ్డ ఎక్కడైనా ఉంటుందా? వాళ్ళ పాత భాషలో కడుపులో ఉండేవాటికి పదకొండు మాటలున్నాయి. మాయకు ఒకటి, ఉమ్మనీటికి ఒకటి, ఎక్కిళ్ళు పెట్టే బిడ్డకు ఒకటి. ఒక్కొక్కటే పైకి అనుకుంటూ చూసింది. ఏ మాటా దానికి అతకలేదు.

"గీయవా అత్తా?" అని అడిగింది మేనకోడలు.

"ఇవాళ వద్దులే."

"గీయకపోతే ఇంకా భయమేస్తోంది."

బొగ్గత్త ఆ పిల్ల చేయి తన చేతిలోకి తీసుకుని కూర్చుంది. ఆ పొద్దు అక్కడి నుంచే నేరుగా ఆస్పత్రికి నడిచింది.

కాన్పులు చూసే డాక్టరమ్మ అప్పుడే టీ గ్లాసు అందుకుంది. ఎదురుగా బొగ్గత్త నిలబడి, "మా మేనకోడలి సంగతమ్మా. ఏం చెప్పాలో తెలీట్లేదు. గీసి చూపిస్తాను" అంది.

"గీయండి" అంటూ డాక్టరమ్మ కాగితం కోసం వెతుకుతుండగానే, బొగ్గత్త రోగుల మంచం మీది తెల్లటి దుప్పటి సరిచేసి, కొంగులోని బొగ్గుముక్క తీసి గీయడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, దుప్పటి! ఇప్పుడే మార్చాను!" అని నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది.

పొట్ట ఎంతో అంత. డొక్క నుంచి తల ఎన్ని వేళ్ళో అన్ని వేళ్ళు. చివరికి ఆ గుండ్రం, మొదట ఉన్న చోట ఒకటి, ఈరోజు ఉన్న చోట ఒకటి. "ఇది రెండు కాదమ్మా, ఒక్కటే. జరిగింది. పైది తడితే ఊగుతుంది. ఇది ఊగదు. స్కానింగు బాబు మూత్రమన్నాడు. పోయించి చూశాను, ఉంది. నాకు తెలీట్లేదు. నా చేతులదే తప్పయితే ఆ మాట కూడా మీరే చెప్పండి."

డాక్టరమ్మ దుప్పటిని చాలాసేపు చూసింది. "నొక్కితే నొప్పి అంటోందా?"

"కాస్త అంటోంది."

"రేపు పొద్దున్నే తీసుకురండి. నేనే చూస్తాను."

మర్నాడు డాక్టరమ్మ తానే స్కానింగు పెట్టె పట్టుకుంది, తానే చేత్తో తడిమింది. గర్భసంచి గోడలోనే పెరిగిన గడ్డ. చాలామందికి ఉంటుంది, ప్రాణం మీదికి వచ్చే రోగం కాదు. సంచీ ఒరిగినప్పుడల్లా దానితోపాటు అదీ ఒరుగుతుంది, అందుకే జరిగినట్టు తోచింది. కానీ ఇది బిడ్డ దిగే దారికి అడ్డంగా కూర్చుంది. "ఇంట్లో కాన్పు మాట మరిచిపోండి. ఆపరేషన్ చెయ్యాలి. రక్తం బాగా పోవచ్చు, ఇచ్చేవాళ్ళను సిద్ధంగా ఉంచుకోండి" అంది డాక్టరమ్మ.

మేనకోడలు "బిడ్డకు మొహం ఉందా?" అని అడిగింది. డాక్టరమ్మ అర్థం కాక బొగ్గత్త వైపు చూసింది. తర్వాత పెట్టెను తిప్పి ముక్కూ పెదవులూ చూపించింది. ఆ పిల్ల ఏడ్చింది. ఇస్త్రీ వదిన కూడా ముక్కు చీదుకుని, జలుబని చెప్పింది.

అందరికీ ఊపిరి వచ్చింది. బొగ్గత్తకే రాలేదు. నడుచుకుంటూ వస్తుంటే పన్నెండేళ్ళ కిందటి మనిషి ఒకామె జ్ఞాపకం వచ్చింది. బట్టల మూట నెత్తిన పెట్టుకుని అమ్మేది. ఆమె పొట్టలో కూడా పక్కన ఏదో గట్టిగా తగిలింది. అప్పుడు చేతిలో ఉడుకు ఎక్కువ. అది బిడ్డ ముడుచుకున్న మోకాలు అనుకుని, నవ్వుతూ చిగురాకు గీసేసింది. కాన్పులో రక్తం ఆగలేదు. ఆస్పత్రికి దారిలోనే పోయింది. బిడ్డ బతికింది. అది కూడా ఇదేనా? కాదా? ఇప్పుడు ఎవరిని తడిమి తెలుసుకోవాలి?

ఆ సాయంత్రం గోడ మీద కొత్త బొమ్మ వచ్చింది. బిందె, చీపురు పక్కన ఒక రక్తపు చుక్క. పేటలో పద్నాలుగు మంది వరసగా వెళ్ళి సూది గుచ్చించుకుంటే ముగ్గురి రక్తం కలిసింది. ఆ ముగ్గురిలో ఇస్త్రీ వదిన ఒకతి. "నా రక్తం ఎక్కితే దానికి నోరొస్తుంది. తర్వాత మీరే ఏడుస్తారు" అని అందరికీ చెప్పి మరీ తిరిగింది.

ఆపరేషన్‌కు చెప్పిన తేదీకి ఆరు రోజుల ముందే, తొమ్మిదో నెలలో ఒక పొద్దున పది గంటలకు నొప్పులు మొదలయ్యాయి. వెల్డరు పనిలో ఉన్నాడు. బొగ్గత్తా, ఇస్త్రీ వదినా చెరోపక్కా పట్టుకుని ఆటో ఎక్కించారు. ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు బొగ్గత్త ముఖం మీదే మూసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె కాన్పు గది బయట కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, గోడకు ఆనించింది. లోపల ఏ అరుపూ లేదు. అరుపు లేకుండా బిడ్డ పుడుతుంటే ఎంతవరకు వచ్చిందో ఎలా తెలుస్తుంది? దారిన పోయే ప్రతి నర్సునూ అడగాలని లేవడం, ఏం అడగాలో తోచక కూర్చోవడం.

ఆడపిల్ల, కాళ్ళు ముందు వచ్చాయి, బాగుంది అని చెప్పారు. ఆ వెంటనే ఇంకో నర్సు వచ్చి రక్తం కావాలంది. ఇస్త్రీ వదిన చీర కుచ్చెళ్ళు దోపుకుని లోపలికి నడిచింది. ఆ వెనకే వెల్డరు కబురు పెట్టిన మిగతా ఇద్దరూ వచ్చారు. రెండు గంటల దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత డాక్టరమ్మే బయటికి వచ్చి, "గండం గడిచింది. ఇంట్లో అయ్యుంటే దక్కేది కాదు" అంది.

పేట పేటంతా బొగ్గత్తను నెత్తిన పెట్టుకుంది. స్కానింగుకు అందనిది ఆమె చేతికి అందిందట. బిడ్డకు అడ్డం పడిన గడ్డను ఆమె ముందే చూసి చుట్టూ గీత గీసి కట్టేసిందట. నోరు తిరిగినవాళ్ళు చిలవలు పలవలు అల్లారు. బొగ్గత్త "నాకు తెలీదర్రా, నిజంగా తెలీలేదు" అంటే, పెద్దమనిషి అణకువ చూడండి అన్నారు. కాదన్నకొద్దీ కీర్తి పెరిగింది. ఆమెకు తల వంచుకుని తిరగడం ఒకటే తక్కువ.

పదో రోజున ఇస్త్రీ వదిన బట్టల మూటతో వచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఏంటి వదినా, ఊరంతా పొగుడుతుంటే ఆ మొహం?"

"నాకు తెలిసిందంటున్నారు వదినా."

"నీకు తెలీదని నువ్వే చెప్పావుగా. నేను విన్నాను. ఎవడైనా అడిగితే సాక్ష్యం చెబుతా." మూట ముడి బిగిస్తూ, "ఆరోజు నిన్ను అన్న మాటలు అనాల్సింది కాదు" అంది.

అప్పుడు బొగ్గత్త బట్టల మూటావిడ సంగతి చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ వదిన విన్నది. ఊరడించలేదు, తప్పు నీది కాదనీ అనలేదు. "ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?" అని మాత్రం అడిగింది.

"పిన్ని దగ్గర. ఫ్యాక్టరీ అవతల."

"ఒకసారి వెళ్ళిరా. నేనూ వస్తాలే."

వెళ్దామనే అనుకున్నారు. ఏం చెప్పాలో తేలక ఆ వారం, ఆపై వారం వాయిదా వేశారు. ఈలోగా డాక్టరమ్మ నుంచి కబురు వచ్చింది. బుధవారం బుధవారం వచ్చి కొత్త నర్సులకు చేత్తో పొట్ట చూడటం నేర్పాలట. అది గౌరవమో, పరీక్షో బొగ్గత్తకు అర్థం కాలేదు. తెలిసినదాన్ని నేర్పడం సరే. తెలియని చోట ఆగడం ఎలా నేర్పాలి? రానని చెప్పిరమ్మని మేనకోడలిని అడిగితే, ఆ పిల్ల బిడ్డను భుజాన వేసుకుని, "నువ్వే వెళ్ళి చెప్పు, నాకు పాలిచ్చే వేళయింది" అంది.

చెప్పడానికే వెళ్ళింది. గదిలో ఆరుగురు నర్సులు పుస్తకాలతో నిలబడి ఉన్నారు. బల్ల మీద ప్లాస్టిక్ పొట్ట ఒకటి పెట్టారు. బొగ్గత్త మర్యాదకు దాని మీద చేయి వేసింది. చల్లగా, డొల్లగా ఉంది. లోపల ప్లాస్టిక్ బిడ్డ ఏ పక్కకు తిరిగి ఉందో ఆమెకు ఒక్క పిసరు కూడా తెలియలేదు. నర్సులు కలాలు పట్టుకుని చూస్తున్నారు.

తలుపు దగ్గర నేల తుడిచే ఆమె నిలబడి వింత చూస్తోంది. ఎనిమిదో నెల కాబోలు, చీపురు పొట్టకు ఆనించుకుని ఉంది. "నువ్వు రామ్మా కాస్త" అని పిలిచి, బల్ల మీద పడుకోబెట్టి, అన్నిటికంటే చిన్నగా ఉన్న నర్సు చేయి తీసుకుని ఆ పొట్ట మీద పెట్టింది.

"ఏం తెలుస్తోంది?"

నర్సు బిత్తరపోయి పుస్తకం వైపు చూసింది. "ఏం తెలీట్లేదండీ."

"నాకూ మొదట్లో అంతే. చెయ్యి తియ్యకు. కళ్ళు మూసుకో."

నర్సు కళ్ళు మూసుకుంది. బొగ్గత్త ఆ చేతి మీద తన చేయి వేసి ఊరుకుంది. ఎంతసేపు ఉండాలో ఆమెకూ తెలియదు.

"త్వరగా కానివ్వండమ్మా" అంది బల్ల మీదావిడ. "పైన ఇంకా రెండు వార్డులు ఊడవాలి."